బిందెకి ఉబ్బసం పుట్టిన వైనం

ప్రతి ఇంటికీ ఒక డోపింగ్ ఆఫీసరు ఉండి తీరాలి!

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను. రేపు పొద్దున ఆరు గంటలకి మీరు ఎక్కడుంటారో తెలుసుకోవాలన్న ఆత్రం ఈ లోకంలో ఎవరికైనా ఉందా? మీ తోడబుట్టినవాళ్ళకి ఉందా? మీ ఆఫీసులో పైవాడికి తొమ్మిది దాటాకే మీరు గుర్తొస్తారు. స్నేహితులకి ఇల్లు మారేటప్పుడు బీరువా పట్టుకోవడానికి గుర్తొస్తారు.

అదే మీరు ప్రొఫెషనల్ సైక్లిస్టు అయి ఉంటే? ఏడాది పొడుగునా, రోజుకో గంట చొప్పున, మీరు ఏ ఊళ్ళో, ఏ వీధిలో, ఎన్నో అంతస్తులో ఉండబోతున్నారో మూడు నెలల ముందే రాయించుకునే డోపింగ్ ఆఫీసు, అంటే నిషేధించిన మందులు వాడేవాళ్ళని పట్టే ఆఫీసు, ఒకటి ఉంటుంది. ఆ గంటలో చెప్పాపెట్టకుండా వచ్చి మీ తలుపు కొడుతుంది. మీరు బాత్రూములోకి వెళితే వెంట వస్తుంది. చొక్కా ఛాతీ దాకా ఎత్తించి, ప్యాంటు మోకాళ్ళ దాకా దింపించి, మీరు చిన్న సీసాలో పని కానిచ్చేదాకా రెప్ప వాల్చకుండా చూస్తుంది. కన్నతల్లి కూడా మీకు మూడేళ్ళు నిండగానే మానేసిన సేవ అది!

ఇంత ఆదరణ దొరుకుతున్నా ఈ సైక్లిస్టులు సణుగుతూనే ఉంటారు. విశ్వాసం లేని జాతి. నా మాట మీద నమ్మకం లేకపోతే బిందె సంగతి వినండి.

బిందెకి అసలు పేరు ఒకటుంది గానీ అది లైసెన్సు మీద తప్ప ఎక్కడా పనికిరాలేదు. వయసు ముప్పై నాలుగు. పదకొండేళ్ళుగా ఒకే టీమ్‌లో తొక్కుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క రేసూ గెలవలేదు. గెలవడం అతని ఉద్యోగం కాదు మరి! రేసు జోరుగా నడుస్తుండగా వెనక్కి జారి, టీమ్ కారు కిటికీ దగ్గర నీళ్ళ సీసాలు అందుకుని, వీపున మూడు, ఛాతీ మీద మూడు, మెడ వెనక రెండు కుక్కుకుని, మళ్ళీ వందమందిని తప్పించుకుంటూ ముందుకొచ్చి, టీమ్ నాయకుడికి అందించడం అతని ఉద్యోగం. ఆ సీసాలతో అతను కొండ ఎక్కుతుంటే వెనకనుంచి చూసేవాళ్ళకి నిండు బిందె ఒకటి చక్రాల మీద ఊగుతూ పోతున్నట్టుండేది. అలా స్థిరపడింది పేరు.

నాయకుడు బిందె కన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. అయినా అందరూ అతన్ని పెద్దబాబు అనేవాళ్ళు. పెద్దబాబుకి మూతలు తీయడం చిరాకు. అందుకని బిందె ప్రతి సీసా మూతా పంటితో లాగి, ఒక గుక్క తాను తాగి, బాగానే ఉందనుకున్నాక అందించేవాడు. పెద్దబాబు నాయకుడైనప్పట్నుంచీ బిందె నోరు పెట్టని సీసా అతని నోటిదాకా వెళ్ళలేదు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బిందె, అతని భార్య, తొమ్మిది నెలల పాప, అత్తగారు. భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. అత్తగారు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి రిటైరయింది. బోగీలోకి అడుగు పెట్టగానే టికెట్ లేని మనిషిని భుజాలు చూసి పట్టేసేదట.

అలాంటి ఇంటికి పొద్దున్నే సూట్‌కేసుతో ఒక అధికారి వచ్చి అల్లుడి మూత్రం పట్టుకుపోతుంటే ఆవిడకి ఎలా ఉంటుంది?

"వచ్చాడమ్మా ఒంటేలు ఆఫీసరు," అని కూతురికి వినబడేలా అనేది. ఆ తర్వాత అల్లుడికి వినబడేలా, "అల్లుడుగారూ, ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఊరికే ఎవర్నీ ఆపలేదండీ. ఆపినవాళ్ళలో టికెట్ ఉన్నవాడు ఒక్కడూ లేడు," అనేది.

"నన్ను రెండువందల పధ్నాలుగు సార్లు ఆపారు అత్తయ్యా. ప్రతిసారీ టికెట్ ఉంది."

"అంటే ఇంకా దొరకలేదన్నమాట," అని ఆవిడ పాపని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేది.

గమనించారా? పరీక్షలో ఒకసారి తప్పితే దోషి. రెండువందల పధ్నాలుగు సార్లు నెగ్గితే మహా తెలివైన దోషి! ఏ విద్యకైనా ఇంతటి గౌరవం ఉందా?

ఆ వేసవిలో పెద్ద రేసు జరిగింది. చివరి కొండ మీద తారు కరిగి టైర్లకి అంటుకుంటోంది. బిందె ఆ ఒక్కరోజే పదకొండు సీసాలు మోశాడు. శిఖరానికి నాలుగు కిలోమీటర్ల ముందు ఆఖరి సీసా అందించి, కాళ్ళు సహకరించక రోడ్డు పక్కకి ఒరిగిపోయాడు. పెద్దబాబు ఆ నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, మిగతావాళ్ళంతా నిలబడిపోయారా అన్నట్టు దూసుకుపోయి గెలిచాడు. బిందె ముప్పై ఎనిమిది నిమిషాల తర్వాత చేరాడు. అప్పటికి వేదిక విప్పేస్తున్నారు.

రెండు వారాలకి కబురు తెలిసింది. పెద్దబాబు శాంపిల్‌లో నోరు తిరగని పేరున్న మందు ఒకటి దొరికింది.

మర్నాడు బిందెని టీమ్ బస్సులోకి పిలిచారు. లోపల మేనేజరు, టీమ్ డాక్టరు. ఏసీ చల్లగా ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి బిందెని ముందు సీట్లో కూర్చోమన్నారు.

"కాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు మేనేజరు. ఆ ప్రశ్న కూడా మొదటిసారే.

"బాగానే ఉన్నాయండి."

"నీకు ఈ ఉబ్బసం ఎప్పట్నుంచి?"

"నాకు ఉబ్బసం లేదండి."

"ఉంది," అన్నాడు డాక్టరు తల ఎత్తకుండా. కాగితం మీద ఏదో రాస్తున్నాడు. "మూడేళ్ళుగా ఉంది. నువ్వు గుండెధైర్యం ఉన్నవాడివి కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు."

బిందె అప్రయత్నంగా ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చి చూసుకున్నాడు. బ్రహ్మాండంగా ఆడుతోంది.

మేనేజరు దగ్గరకి జరిగాడు. "ఇందులో ఏం లేదు. నీ మందు కలుపుకున్న సీసా ఒకటి నీ దగ్గరుంది. ఆ ఎండలో, ఆ హడావిడిలో, అది పెద్దబాబు చేతికిచ్చేశావ్. పొరపాటు. ఎవరు మాత్రం చెయ్యరు? డోపింగ్ ఆఫీసు కమిటీ ముందు ఈ ఒక్క ముక్క చెప్పు."

"చెబితే నాకేమవుతుందండీ?"

"ఆర్నెల్లు ఇంటిపట్టున ఉంటావు. పాపతో ఆడుకుంటావు. తర్వాత నీ చోటు నీదే, నువ్వు తొక్కగలిగినన్నాళ్ళు. పదకొండేళ్ళు ఇన్ని మోశావు కదయ్యా, ఈ ఒక్కటీ మొయ్యలేవా?"

"చెప్పకపోతే?"

డాక్టరు రాసిన కాగితాన్ని ఉఫ్‌మని ఊది సిరా ఆరబెట్టుకున్నాడు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. జవాబు అదే.

బిందె ఆ కాగితం నకలు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. అతనికి కోపం రాలేదు. వింతగా, సిగ్గేసింది. జబ్బుందా అని అడిగి రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పంక్చరైన టైరుకి అతుకు వేసినట్టు అతని మీద ఒక జబ్బు అతికించేశారు.

భార్య కాగితం చదివింది. మందు పేరు దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"ఇది మా షాపులో దొరకదు. పశువుల డాక్టర్లు రాసే మందిది. గుర్రాలకి ఆయాసం వస్తే పట్టిస్తారు. నీకు ఉబ్బసం రాసిన మహానుభావుడు నిన్నేమనుకున్నాడో కాస్త కనుక్కో!"

బిందె కూడా నవ్వాడు. నవ్వి, కాసేపటికి, "చెప్పేస్తే పోతుందేమో. ఆర్నెల్లే కదా," అన్నాడు.

ఆమె నవ్వాపేసింది. "ఆర్నెల్లు నీకు. పాప పెద్దదై ఫోనులో వాళ్ళ నాన్న పేరు కొడితే మొదట వచ్చేది ఈ మందు పేరే. అది ఎన్నేళ్ళు?"

లోపల గదిలోంచి అత్తగారు, "ఊరికే ఎవరిమీదా రాయరమ్మా," అంది.

బిందె పాప బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం సైకిలు తీసుకుని ఊరి బయట గుట్ట దాకా తొక్కాడు. జెర్సీలో ఒక్క సీసా లేదు. ఒంట్లో బరువు మాత్రం తగ్గలేదు. పైకెక్కాక దిగి, గట్టు మీద కూర్చుని, తనకు ఉబ్బసం లేదన్న మాట రెండుసార్లు పైకి అని చూసుకున్నాడు. రెండోసారి ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఇంటికి వచ్చి, "నిజమే చెబుతాను," అన్నాడు భార్యతో.

విచారణ ఉదయం తొమ్మిదింటికని కమిటీ పిలుపు ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. కమిటీ కూర్చునే ఊరు రైల్లో మూడు గంటల దూరం. అంటే అయిదున్నర బండి ఎక్కాలి. కానీ ఆరు నుంచి ఏడు దాకా ఇంట్లో ఉంటానని బిందె ఆఫీసుకి రాసిచ్చి ఉన్నాడు కదా! మార్చుదామని వెబ్‌సైటు తెరిచాడు. మార్పులకు గడువు ముగిసిందని వచ్చింది. ఫోన్ చేశాడు. పని వేళల్లో చేయమని రికార్డు పలికింది. అప్పుడు సమయం మూడు గంటలు.

అసలే ఆ ఏడాది అతని పేరు మీద రెండు గైర్హాజర్లు పడి ఉన్నాయి. ఒకసారి కాలింగ్ బెల్ చెడిపోయి వినబడలేదు. ఇంకోసారి భార్యకి నొప్పులొస్తే ఆసుపత్రిలో ఉన్నాడు. పన్నెండు నెలల్లో మూడు పడితే మందు వాడినట్టే లెక్క. పుట్టబోయే పాప కూడా గడువులోగా ఫారం నింపి రావాల్సింది!

"వాళ్ళే కదా పిలిచింది, వాళ్ళకి తెలీదా?" అంది భార్య. సబబుగానే అనిపించింది. బిందె బండెక్కాడు.

కమిటీ గదిలో ముగ్గురు పెద్దమనుషులు. పక్క కుర్చీలో పెద్దబాబు, వెనక డాక్టరు. బిందె నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు పదకొండు సీసాలిచ్చానండి. పదకొండింట్లోనూ ముందు నేను తాగి ఇచ్చాను. నాకు ఉబ్బసం లేదు. ఆ కాగితం టీమ్ బస్సులో నా ఎదురుగా రాశారు."

"ఎవరు రాశారు?" అన్నాడు అధ్యక్షుడు.

"డాక్టరుగారండి."

అధ్యక్షుడు గుమాస్తా వైపు తిరిగి, "సాక్షి ఉద్వేగానికి లోనయ్యారని రాసుకోండి," అన్నాడు.

"ఇంకోటండి. అది మనుషులకిచ్చే ఉబ్బసం మందు కూడా కాదట. గుర్రాల మందట. మా ఆవిడ చెప్పింది."

 పెద్దబాబు బిందె ముఖంలోకి చూడలేక తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ ఒక్క క్షణం బిందెకి అతని మీద జాలేసింది కూడా. ఈ రైడరుకి ఇరవై ఆరేళ్ళు. ఇతన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక బస్సులో కూర్చోబెట్టే ఉంటారు.

నిజం గొప్పది పాఠకులారా! అది వెంటనే పని చేసింది. భోజన విరామంలో డాక్టరు పెద్దబాబుని పక్కకి తీసుకెళ్ళాడు. విరామం అయ్యాక పెద్దబాబుకి ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. రేసుకి ముందురోజు ఒక గుర్రపుశాల చూడబోయాడట. అక్కడ ఆయాసంతో బాధపడుతున్న గుర్రం ఒకటి అతని ముఖం మీద తుమ్మిందట!

కమిటీ ముఖాలు విప్పారాయి. ఎంత పెద్ద తుమ్ము, గుర్రం ఎత్తెంత, పెద్దబాబు నోరు తెరిచి ఉన్నాడా మూసి ఉన్నాడా, అన్నీ వివరంగా నమోదయ్యాయి. గుర్రాన్ని మాత్రం పిలవలేదు. దాని శాంపిల్ కూడా తీయలేదు. అది ఏ గంటకి ఎక్కడుంటుందో ఎవరికీ రాసివ్వలేదు కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం. అజాగ్రత్తగా గుర్రం ముందు నిలబడినందుకు పెద్దబాబుకి మూడు నెలల శిక్ష వేశారు. అవి రేసులు జరగని మూడు నెలలు.

బిందె సాయంత్రానికి ఇల్లు చేరాడు. తలుపుకి చీటీ అంటించి ఉంది. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా అధికారి వచ్చి నిరీక్షించారనీ, క్రీడాకారుడు ఇంట్లో లేరనీ, ఇది మూడోసారనీ. మీరే పిలిచారని భార్య ఎంత చెప్పినా అధికారి వినలేదట.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"నేను మీ ఆఫీసుకే వస్తూ రైల్లో ఉన్నానండి. మీరే పిలిచారు!"

"పిలిచింది మూడో అంతస్తు," అంది అవతలి గొంతు ఓపికగా. "మీరు లేరని రాసింది నాలుగో అంతస్తు."

"మరి ఒకసారి కిందికి దిగి అడగొచ్చు కదండీ?"

"విచారణలు గోప్యం సర్. మేం అడక్కూడదు."

ఏడాదిన్నర నిషేధం పడింది. మేనేజరు స్వయంగా ఫోన్ చేసి, డోపింగ్ నియమాలు ఉల్లంఘించిన మనిషిని పెట్టుకోలేమనీ, టీమ్‌కి ఒక పేరుందనీ బాధపడ్డాడు. మర్నాడు పత్రికలో పెద్దబాబు నిర్దోషిత్వం గురించి చిన్న వార్తా, బిందె గురించి ఫొటోతో సహా పెద్ద వార్తా వచ్చాయి. పదకొండేళ్ళలో అతని ఫొటో పత్రికలో పడటం అదే మొదలు. ఈ పరీక్షలే లేకపోతే ఆ భాగ్యం దక్కేదా?

భాగ్యం అక్కడితో ఆగలేదు. కింది అంతస్తు దర్జీ మెట్ల మీద ఆపి, "నాకూ రెండు చుక్కలు ఇప్పించరాదూ, మెట్లెక్కలేక చస్తున్నాను," అన్నాడు. మందుల షాపులో ఒక పెద్దాయన బిందె భార్యని చెవి దగ్గరకి రమ్మని, "ఆ గుర్రం సరుకేదో వెనక దాచారా అమ్మా?" అన్నాడు. ఆమె ఆ రోజు త్వరగా ఇంటికొచ్చేసి, పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిందె ఒక సైకిల్ రిపేరు షాపులో చేరాడు. అక్కడ టైరుకి గాలి కొట్టించుకునేవాళ్ళు కూడా ఒక చూపు చూసి, "గట్టిగానే కొడుతున్నావే!" అని నవ్వేవాళ్ళు.

ఇంతకీ డాక్టరుగారు? ఆయనకి వచ్చిన లోటేమీ లేదు. పొద్దున ఆరింటికి ఆయన ఎక్కడుంటారని ఏ ఆఫీసూ ఏనాడూ అడగలేదు. అంత చదువుకున్న మనిషిని అలా అడగడం మర్యాదా? మందుల గురించి ఆయనకున్నంత అనుభవం మరెవరికీ లేదని గుర్తించి, డోపింగ్ నిరోధక ఆఫీసువాళ్ళే ఆయన్ని పిలిచి శిక్షణ తరగతులు అప్పగించారు. నిషేధం పడ్డ ప్రతి రైడరూ మళ్ళీ తొక్కాలంటే ఆ తరగతికి హాజరై, పరీక్ష రాసి, "నిజాయితీగల క్రీడాకారుడు" అని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

గడువు ముగియవస్తుండగా బిందె వెళ్ళాడు. నున్నటి తెల్ల బల్లలు, గోడ మీద ప్రొజెక్టర్, ముప్పైమంది కుర్ర రైడర్లు. వేదిక మీద డాక్టరుగారు. ఆయన బిందెని చూసి, "ఉబ్బసం తగ్గిందా?" అనలేదు గానీ, ఒక్క క్షణం మైకు సర్దుకున్నాడు. ఆ తర్వాత రెండు గంటలు మనస్సాక్షి గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. వెనక వరసలో ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు.

పరీక్ష పేపరిచ్చారు. ఇరవై ప్రశ్నలు. పందొమ్మిది బిందెకి కొట్టిన పిండి. అతన్ని మించి పరీక్షలకి అలవాటుపడ్డవాడెవరు? ఇరవయ్యోది, ఇది తప్పితే అన్నీ తప్పినట్టేనని సూచన ఉన్న ప్రశ్న, ఇలా ఉంది: "అబద్ధం చెప్పమని మీపై ఒత్తిడి వస్తే మొట్టమొదట ఎవరిని సంప్రదించాలి?"

సరైన జవాబు "టీమ్ డాక్టరును" అని పాఠంలో మూడుసార్లు చెప్పారు. చుట్టూ ముప్పై పెన్నులు చకచకా రాసేశాయి. బిందె చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. ఆ రెండు మాటలు రాస్తే నెల తిరక్కుండా మళ్ళీ సైకిలెక్కొచ్చు. ఏదో ఒక చిన్న టీమ్, ఎవరో ఒకరి సీసాలు. అతనికి అంతకన్నా పెద్ద కోరిక లేదు.

చివరికి రాశాడు: "సంప్రదించే అవసరం రాలేదు. చెప్పమన్నది ఆయనే."

ఫలితం పోస్టులో వచ్చింది. "అభ్యర్థి నిజాయితీ అంశంలో ఉత్తీర్ణుడు కాలేదు. మరో ఏడాది శిక్షణ అవసరం." కింద డాక్టరుగారి సంతకం.

బిందె కాగితం బల్ల మీద పెట్టి గ్రీజు చేతులు తుడుచుకుంటున్నాడు. భార్య ఇంకా షాపునుంచి రాలేదు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి, ముందొకసారి, వెనకొకసారి తిప్పి చూసింది.

"దేంట్లో తప్పారు అల్లుడుగారూ?"

"నిజాయితీలో అత్తయ్యా."

"పాఠం చెప్పిందెవరు?"

"ఉబ్బసం రాసిన డాక్టరుగారు."

"ఏం రాయమన్నాడు? మీరేం రాశారు?"

అతను చెప్పాడు. ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. ఎంతసేపు తుడిచినా అద్దాలు శుభ్రపడినట్టు లేవు.

"ఆయన దగ్గర పాసై వచ్చి ఉంటే తలుపు తీసేదాన్ని కాదు," అంది చివరికి. "చేతులు కడుక్కుని రా నాయనా. ఎప్పుడు తిన్నావో ఏమో."